మువ్వలో గులకరాయి

ఏడవ భాగం

పోయిన వారం సీతయ్యను గుంతలో వదిలేసి వచ్చాం. దోర్నపాల్ దాటి కొంటా వైపు వెళ్ళే రోడ్డు పక్కన రాంచందర్ సేఠ్ కట్టిస్తున్న మ్యారేజ్ గార్డెన్‌లో, మూడో బాటిల్ పామ్ చెట్టు కోసం నడుములోతు గుంత తవ్వుతుంటే గడ్డపార కింద ఒక ఇత్తడి మువ్వ దొరికింది. మట్టి దులిపి చెవి దగ్గర ఆడించి చూశాడు. అన్ని మువ్వలూ ఘల్లుమంటాయి. ఇది కటుకు కటుకుమంది. సరిగ్గా అప్పుడే గుంత గట్టు మీద మున్షీ మంగల్ నీడ పడింది.

ఆ కటుకు శబ్దం ఎవరిదో మొదటి నుంచీ చదువుతున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం రెండు ముక్కలు. సీతయ్యకు ఆయతు అని ఒక అన్న ఉండేవాడు. పదకొండేళ్ళ కిందట ఒక సోమవారం పొద్దున, అప్పట్లో ఇదే స్థలంలో ఉన్న ఇటుక బట్టీకి పనికి వెళ్ళి తిరిగి ఇంటికి రాలేదు. ఠాణాలో మనిషి తప్పిపోయాడని రాసుకున్నారు. అదే బట్టీలో ఆయతు పక్కన ఇటుకలు కోసిన స్నేహితుడు మంగల్ మాత్రం, చర్ల వైపు మిరప తోటల్లో కనబడ్డాడట అని ఏడాదికోసారి కబురు తెస్తూనే ఉన్నాడు. కబురుతో పాటు బియ్యమో బెల్లమో కూడా తెచ్చేవాడు. ఆయతు భార్య దేవే అతన్ని అన్నా అని పిలుస్తుంది. తరవాత బట్టీ మూతపడింది, ఆ నేలను రాంచందర్ కొన్నాడు, నేలతో పాటు మంగల్ కూడా అమ్ముడుపోయినట్టు అక్కడే పనీ లెక్కలూ చూసే మున్షీగా ఉండిపోయాడు.

ఇక సీతయ్య. డోలు వాయించేవాడు తోటలు వేసే మేస్త్రీ ఎలా అయ్యాడని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. ఆరేళ్ళ కిందట బచేలి టౌన్‌షిప్‌లో ఉగాది కార్యక్రమానికి వాయించడానికి వెళ్ళాడు. అక్కడ ఉమామహేశ్వరి గారని, ఒక ఇంజనీరు భార్య, రాజమండ్రి మనిషి, నర్సరీ నడుపుతుంది. పార్కులో ఆవిడ మూడుసార్లు గడ్డి పరిపిస్తే మూడుసార్లూ ఒకే చోట ఎండిపోయింది. తన వంతు వచ్చేదాకా అక్కడ కూర్చున్న సీతయ్య చేతులు ఊరుకోక అరచేత్తో నేల మీద దరువేస్తూ, “ఈడ కింద బండ ఉన్నదమ్మా, ఎన్నిసార్లు ఏసినా బతకదు” అన్నాడు. తాతకు దగ్గులు నేర్పడానికి వచ్చాడని పక్కవాళ్ళు నవ్వారు. తవ్విస్తే జానెడు లోతున బండ. నవ్వినవాళ్ళలో ఒకడి పని మరుసటి వారానికి సీతయ్యకు వచ్చింది.

డోలు తోలు ఎక్కడ బిగువో ఎక్కడ వదులో వేళ్ళకు తెలిసినట్టే, నేలలో ఎక్కడ రాయి, ఎక్కడ తడి, ఎక్కడ డొల్ల అన్నది అతని అరచేతికి తెలుస్తుంది. “మొక్కల్ని బళ్ళో పిల్లల్లా వరసగా నిలబెట్టకు సీతయ్యా, నువ్వు వాయించినట్టు నాటు” అని ఆవిడ అన్న మాట పట్టుకుని వరసలకు కూడా దరువు పెట్టాడు. మూడు దగ్గరగా, ఒకటి ఎడంగా, మళ్ళీ రెండు. పెళ్ళిళ్ళ రోజుల్లో డోలు, మిగతా రోజుల్లో తోటలు. తోట అన్నం పెట్టింది, డోలు పేరు నిలబెట్టింది. రెండిటికీ ఎప్పుడూ పేచీ రాలేదు.

ఆ దరువే కొంప ముంచింది. మంగల్ సున్నంతో గుండ్రాలు గీసిన చోట మొదటి రెండు చెట్లూ బాగానే పడ్డాయి. మూడోది తాళం తప్పినట్టు కనబడింది. సీతయ్య మూడు బారలు పక్కకు జరిపి తవ్వాడు.

“సున్నం ఆడ ఉంటే ఈడ తవ్వుతున్నవేంది బావా?” అన్నాడు మంగల్, గుంతలోకి వంగి. మొహం నిండా చెమట. పొద్దు ఇంకా ఎక్కలేదు.

సీతయ్య పిడికిలి మూశాడు. “వరస కుదరలేదు బావా.”

“కుదరకుంటే కుదరకపోయె. పూడ్చు. పూడ్చి సున్నం కాడ తవ్వు.”

ఆ మాట పూర్తయ్యేలోపే చెట్టును మోసుకుని ట్రాక్టర్ వచ్చేసింది. వెనకాలే సేఠ్. ప్రారంభానికి ఇంక మూడు రోజులే ఉంది, గుంత ఎక్కడైతే ఏంటి, దించండి దించండి అని తొందర పెట్టాడు. మంగల్ నోరు మూసుకుని పక్కకు తప్పుకున్నాడు. పైన చెట్టు తాళ్ళు విప్పుతున్నంతసేపట్లో, మువ్వ కింద ఇంకా ఏముందో గుంతలో దిగినవాడు ఒక్కడే చూశాడు. చూసినవాడు పైకెక్కి, చెట్టు దింపించి, తన చేతుల్తోనే మట్టి కప్పాడు.

అక్కడి నుంచి రెండు రోజులు సీతయ్య మనిషిలా లేడు. మువ్వను పంచె కొంగున ముడేసుకుని తిరిగాడు. నడుస్తుంటే అది తొడకు తగిలి కటుకుమనేది. అన్నం ముందు కూర్చుంటే కటుకుమనేది. మూడో రోజు, అంటే ప్రారంభానికి ముందు రోజు మధ్యాహ్నం, ఇక మోయలేక వదిన ఇంటికి బయల్దేరాడు.

దేవే వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తోంది. చాప నిండా పసుపు పచ్చగా పూలు, చుట్టూ ఆ మత్తు వాసన. తోటలో గడ్డికి నీళ్ళు పట్టే పన్నెండుమంది ఆడవాళ్ళ జట్టులో ఆమె కూడా ఉంది. ఆ పని ఇప్పించింది సీతయ్యే. ఆ రోజు పొద్దుటి పూట పని ముగించుకుని వచ్చింది.

“కూసో. జావ తాగుతవా?”

“వద్దు వదినా.”

“రెండు దినాల సంది నీ మొహం మొహం లెక్క లేదు. సేఠ్ ఏమన్న అన్నడా?”

సీతయ్య దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. ముందు మంచినీళ్ళు తాగమనాలి, తరవాత చెయ్యి పట్టుకోవాలి, తరవాత మెల్లగా చెప్పాలి. వాకిట్లోకి వచ్చేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు. కొంగు ముడి విప్పాడు. మువ్వను పిడికిట్లోనే ఉంచుకుని ఒక్కసారి ఆడించాడు.

కటుకు కటుకు.

దేవే చేతులు పూల మీద ఆగిపోయాయి. ఆమె సీతయ్య వైపు చూడలేదు, అతని పిడికిలి వైపూ చూడలేదు. తల దానంతట అదే రోడ్డు వైపు తిరిగింది. బట్టీ నుంచి ఇంటికి వచ్చే దారి అదే.

“వచ్చిండా?” అంది.

సీతయ్య తల అడ్డంగా ఊపాడు.

“రాలేదు వదినా. దొరికిండు.”

ఆ రెండు మాటలకూ మధ్య ఉన్న దూరం దాటడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. అప్పుడు చెయ్యి చాపింది. మువ్వను అరచేతిలో వేసుకుని, బొటనవేలితో చీలిక దగ్గర రుద్దింది. లోపల నల్లగా కనబడింది గులకరాయి.

దాన్ని అందులో పెట్టింది ఆమే. బాసగూడ దగ్గర సొంత ఊళ్ళో ఉన్న రోజులు, గొడవలకు భయపడి ఊరు ఊరంతా మూట కట్టుకుని రోడ్డు మీదికి రాకముందు. పెళ్ళయిన తొలి వేసవిలో ఆయతు డోలుకు కట్టే మువ్వల్లో ఒకదాని గోళీ ఊడిపోయింది. పారేస్తానంటే వద్దని, తాలిపేరు వాగు ఒడ్డున ఏరిన గులకరాయిని చీలికలోంచి దూర్చి ఆమే అతని మొలతాడుకు కట్టింది. ఘల్లుమని వచ్చే మొగుళ్ళు ఊళ్ళో ఎందరో, కటుకుమని వచ్చేది నా వాడొక్కడే అని అక్కచెల్లెళ్ళ దగ్గర గొప్పలు పోయేది. గుండెల్లో రాయి పడిందంటారు చూశారా, ఆమె గుండెల్లో పడింది ఆ గులకరాయే.

“యాడ?” అంది.

“తోటల. మూడో చెట్టు కింద.”

“మువ్వ ఒక్కటేనా?”

సీతయ్య తల దించుకున్నాడు.

“నిన్నే అడుగుతున్న. మువ్వ ఒక్కటేనా?”

“కాదు వదినా. నడుము బొమికల కాడ ఉన్నది మువ్వ. చేత్తోని మట్టి తీసి చూసిన. మొత్తం ఉన్నడు.” చేత్తో తన తల వెనక తడిమి చూపించాడు. “తల ఎనక దిక్కు పగిలి ఉన్నది.”

దేవే ఏడవలేదు. పూల మీద వాలిన ఈగల్ని తోలింది. తనలో తాను అనుకుంటున్నట్టు అంది.

“నెల దినాల సంది ఆడ నీళ్ళు పడుతున్న. పైపు పట్టుకొని రోజు నిలబడేది ఆడనే. గడ్డి మెత్తగ ఉంటదని ఆడనే కూసొని బువ్వ తిన్న.”

“వదినా...”

“నువ్వేం జేసినవ్ మరి? చూసినంక?”

“మట్టి కప్పిన.” ఆ మాట అనడం కంటే గుంతలో దిగడమే సులువనిపించింది సీతయ్యకు. “సేఠ్ ఉన్నడు, ట్రాక్టర్ ఉన్నది, మంగల్ బావ ఉన్నడు. నోరు రాలేదు వదినా. చెట్టు దింపి మట్టి కప్పిన.”

“నువ్వు కప్పింది రెండోసారి,” అంది దేవే. “మొదలు కప్పినోడు ఎవడు?”

ఆమె మువ్వను చెవి దగ్గర పెట్టుకుంది, ఆడించలేదు.

“అంత పెద్ద తోటల ఆడనే ఎందుకు తవ్వినవ్?”

మూడో చెట్టు తాళం తప్పిందని, మూడు బారలు జరిపానని చెప్పాడు. మంగల్ కోప్పడిన సంగతి కూడా చెప్పాడు. సున్నం గీసింది ఎవలని అడిగింది. మంగల్ బావే అన్నాడు. దేవే ఇంకేమీ అడగలేదు. పూలను అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. సీతయ్య ఆ మౌనాన్ని దుఃఖమనుకున్నాడు. పాపం, దరువులో తేడా వస్తే ఆమడ దూరం నుంచి పట్టేస్తాడు గాని మనిషి మాటలో తేడా వస్తే పక్కనే ఉన్నా పట్టలేడు.

“ఠాణాకు పోదాం వదినా. ఇప్పుడే పోదాం.”

“పోదాం. పోకుంట ఉంటమా.” ఆమె లేచి నిలబడింది. “ముందు సావు దరువు కొట్టాలె. కాయితం రాసుడు మొదలైతే ఆయన ఠాణాలోడు అయితడు, దవాఖానలోడు అయితడు. మనోడు కాడు. పదకొండేండ్లు దరువు లేకుంట పండిండు. పండినకాడ కొట్టాలె, నీ చేత్తోని.”

“రేపు అది పెండ్లిళ్ళ తోట.”

“అందుకే రేపే కొట్టాలె. ఆయన మీద టెంట్ ఏస్తరు. ఆయన మీద కుర్చీలేసుకొని కూసుంటరు. ఎగురుతరు. ఆళ్ళు ఎగరకముందు కొట్టు.”

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో సీతయ్యకు అప్పుడు తెలిసింది. కొత్త పెళ్ళితోట ప్రారంభం నాడు సావు దరువు మోగితే ఆ తోటలో మళ్ళీ ఎవడు తాళి కడతాడు? రాంచందర్ చెడ్డవాడు కాదు. ఖమ్మం నుంచి వచ్చి, ఉన్నదంతా ఊడ్చి ఆ నేలలో పోశాడు. పన్నెండుమంది ఆడవాళ్ళ కూలి ఆ గడ్డి మీదే ఉంది. ఇక సీతయ్య చేతిని ఏ తోటలోనూ మట్టి ముట్టనివ్వరు.

ఇవన్నీ చెప్పాడు. దేవే అంతా విన్నది.

“నీ అన్న నీకు మొదలు నేర్పింది ఏంది సీతయ్యా,” అంది చివరికి, “డోలా, తోటా?”

మరుసటి రోజు పొద్దున తొమ్మిదింటికే గార్డెన్ ముందు కార్లు బారులు తీరాయి. సుక్మా నుంచి, బీజాపూర్ నుంచి, భద్రాచలం నుంచి కూడా వచ్చారు. గేటుకు బంతిపూల తోరణాలు, లోపల తెల్లటి టెంట్, దాని పక్కన వంటల పొయ్యిలు. టెంటుకు ఎడమ పక్క మూడు బాటిల్ పామ్ చెట్లు, ఒకటి, ఒకటి, కాస్త ఎడంగా ఇంకొకటి. ప్రతి చెట్టుకూ రంగు దీపాల దండ చుట్టారు.

రాంచందర్ సేఠ్ తనే స్వయంగా సీతయ్య తలకు ఎర్ర పాగా చుట్టాడు. చుడుతున్నంతసేపూ మాట్లాడుతూనే ఉన్నాడు.

“ఈ దినం నీదే సీతయ్యా. గెస్టులొస్తుంటే పెండ్లి దరువు దుమ్ము లేపాలె. ఇంకో మాట. బీజాపూర్ల జాగా చూసిన. ఆడిది గూడ నీకే. ఈసారి సున్నం గూడ నువ్వే గీయి.” పక్కన నిలబడిన మంగల్ భుజం తట్టాడు. “ఏం మున్షీజీ, నువ్వు గీసిన దానికంటే సీతయ్య జరిపిందే బాగున్నది. దేఖో, ఎంత సోకున్నదో ఆ మూడో చెట్టు.”

మంగల్ అటు చూడలేదు. అవును సేఠ్ అన్నాడు.

సీతయ్య డోలు మెడకు తగిలించుకున్నాడు. పాగా కింద నుదురు మండిపోతోంది. తనమీద నమ్మకం పెట్టినవాడి ఇంట్లో నిప్పు పెట్టబోతున్నానా, అన్న ఎముకల మీద ఎగరడానికి దరువు వేయబోతున్నానా అన్నది ఇంకా తేలలేదు. గేటు దగ్గర పుల్ల ఎత్తాడు. చెయ్యి అలవాటు కొద్దీ పెళ్ళి దరువే ఎత్తుకుంది. వచ్చినవాళ్ళు నవ్వారు, కొందరు అక్కడే రెండు అడుగులు వేశారు. దరువు బాగుంది. సిగ్గుచేటుగా బాగుంది.

గడ్డి అంచున ఆడవాళ్ళ జట్టు నీళ్ళ పైపులు చుట్టి పెట్టి నిలబడింది. వాళ్ళలో దేవే. వదిన అరుస్తుందని, ఏడుస్తుందని, కనీసం వచ్చి డోలు మీద చెయ్యి వేస్తుందని సీతయ్య అనుకున్నాడు. ఆమె అవేవీ చేయలేదు. నడుముకు మువ్వ కట్టుకుంది. చీర కుచ్చిళ్ళ మీద, అందరికీ కనబడేలా. వాళ్ళలో ఏ ఆడదీ మువ్వ నడుముకు కట్టుకోదు. పక్కనున్న హిడ్మే అదేంటని అడుగుతుంటే జవాబు చెప్పకుండా సీతయ్య వైపే చూస్తోంది.

పూజారి కొబ్బరికాయ కొట్టాడు. రిబ్బన్ కత్తిరించారు. అందరూ టెంట్ వైపు కదిలారు. మొదటగా లోపలికి పరుగెత్తిన నలుగురైదుగురు కుర్రకారు పాట పెట్టమని కేకలేస్తూ మూడో చెట్టు కింద, పచ్చటి గడ్డి మీద, ఎగరడం మొదలుపెట్టారు.

సీతయ్య అటు నడిచాడు. వాళ్ళ మధ్యలోంచి వెళ్ళి చెట్టు మొదట్లో నిలబడ్డాడు. చెప్పులు విడిచాడు. అరికాళ్ళ కింద మట్టి ఇంకా వదులుగానే ఉంది. తను కప్పిన మట్టే. పుల్లను ఎడమ చేతికి మార్చుకున్నాడు, ఎందుకంటే పెళ్ళికి కుడిచేత్తో కొట్టే దరువు సావుకు ఎడమచేత్తో కొడతారు, వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతి అది. ఒక దెబ్బ. నిశ్శబ్దం. ఒక దెబ్బ. నిశ్శబ్దం. ఆ తరవాత మూడు, వెంటవెంటనే.

ఆ దరువుకు ఒక లెక్క ఉంది. అది వినబడగానే చేతిలో ఎంత పనున్నా ఆపి, విన్నవాడు అడిగే మొదటి మాట “ఎవలు?” అని, పోయింది ఎవరని. పగవాడైనా అడుగుతాడు. తాగి పడిపోయినవాడైనా లేచి అడుగుతాడు. సీతయ్య తండ్రి తన ఆఖరి గడియల్లో, అవతలి ఊళ్ళో ఎవరికోసమో మోగుతున్న దరువు విని, ఊపిరాడక కూడా “ఎవలు?” అనే అడిగాడు. వాయించేవాడు జవాబు చెప్పకూడదు. పోయినవాడి మనిషి ఎవరైనా పేరు చెప్పేదాకా వాయిస్తూనే ఉండాలి.

భద్రాచలం నుంచి వచ్చిన అతిథులు చప్పట్లు కొట్టారు. ఇదేదో కొత్త ఆట అనుకున్నారు. ఎగురుతున్న కుర్రవాళ్ళు ఆ దెబ్బకు తగ్గట్టు అడుగు నెమ్మది చేశారు. నలుగురు ఫోన్లు తీసి వీడియో పట్టారు. రాంచందర్ కూడా నవ్వుతూ, ఇది కూడా పెట్టావా అన్నట్టు బొటనవేలు ఎత్తి చూపించాడు.

మొదట వంటల దగ్గర చప్పుడు ఆగింది. గంటె చేత్తో పట్టుకుని వంటవాడు బయటికొచ్చాడు.

“ఎవలు?” అన్నాడు.

గడ్డి అంచున పైపులు జారిపోయాయి. పదకొండుమంది ఆడవాళ్ళు ఒకరి తరవాత ఒకరు ఎవలు, ఎవలు అన్నారు. హిడ్మే అప్పుడే కళ్ళొత్తుకుంటోంది, ఎవరికోసమో ఇంకా తెలియకుండానే. గేటు దగ్గర చౌకీదారు టోపీ తీసి అడిగాడు. రోడ్డు మీద జీపు ఆపుకుని డ్రైవర్ అక్కడి నుంచే అరిచి అడిగాడు. టెంట్‌లో మొదటి వరసలో పట్టుచీర కట్టుకుని కూర్చున్న ఒక టీచరమ్మ, ఊరు వదిలి పాతికేళ్ళయి, ఇంట్లో కూడా హిందీయే మాట్లాడే మనిషి, కుర్చీలోంచి లేచి, తన నోటివెంట ఆ మాట ఎలా వచ్చిందో తనకే తెలియనట్టు “ఎవలు?” అంది.

చప్పట్లు సన్నగిల్లాయి. ఫోన్లు కిందికి దిగాయి. రాంచందర్ మొహంలో నవ్వు ఇంకా పోలేదు గాని దాన్ని ఏం చేయాలో అతనికి తెలియడం లేదు. పక్కవాణ్ణి క్యా హువా, క్యా హువా అని అడుగుతున్నాడు.

ఇప్పుడు పేరు చెప్పాలి. చెప్పవలసింది దేవే. ఆమె చెప్పలేదు.

సీతయ్య కొడుతూనే ఉన్నాడు. ఎడమచేయి మణికట్టు దగ్గర లాగుతోంది. చెప్పు వదినా, ఇంక ఆపనీయి అని కళ్ళతోనే బతిమాలాడు. ఆమె అతన్ని చూడడం లేదు. ఒక్కొక్క మొహం వైపే చూస్తూ గడ్డి మీద నడుస్తోంది. నడుము దగ్గర కటుకు కటుకుమంటోంది. వంటవాణ్ణి దాటింది. చౌకీదారును దాటింది. ఆమె వెళ్తున్న వైపే సీతయ్య చూపు కూడా వెళ్ళి ఒక మనిషి మీద ఆగింది.

టెంట్ గుంజ పక్కన నిలబడి ఉన్నాడు మంగల్. ఆ ఊళ్ళలోనే పుట్టినవాడు, ఆ దరువు వింటూ పెరిగినవాడు, తన తల్లి పోయిన రోజు ఇదే సీతయ్య చేత ఇదే దరువు కొట్టించుకున్నవాడు. అతను డోలు వైపు చూడడం లేదు. చెట్టు మొదట్లో వదులుగా ఉన్న మట్టి వైపు చూస్తున్నాడు. పెదవులు కదలడం లేదు.

దేవే వచ్చి అతని ఎదురుగా ఆగింది. మువ్వ చప్పుడు కూడా ఆగింది.

“అందరు అడిగిండ్రు,” అంది. “నువ్వెందుకు అడుగుతలేవన్నా?”